ఏసీ కాలేజీలో ఏసీ అంటే ఏంటి? గుంటూరు లూథరన్ కాలేజీ కథ

వెనకాల గ్రైండింగ్ మిషన్ సౌండ్ వస్తే కంగారు పడకండి. మనం ఎప్పట్లాగే ఆటోనగర్‌లోనే ఉన్నాం, కింద షెడ్డులో లారీ బాడీ పని నడుస్తోంది. ఈ రోజు ఎపిసోడ్ మాత్రం వైజాగ్‌లో మొదలవదు. గుంటూరులో మొదలవుతుంది. కానీ చివరికి మన ఊరికే వస్తుంది, కాస్త ఓపిక పట్టండి.

గుంటూరులో ఎవర్నైనా ఆపి "ఏసీ కాలేజీ ఎక్కడండీ?" అని అడగండి, వెంటనే దారి చెప్తారు. మన జనరేషన్ వాళ్లకి ఆ పేరు వినగానే ఎయిర్ కండిషనర్ గుర్తొస్తుంది. అది కాదు. ఏసీ అంటే ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ. మొదలైంది 1885లో. అంటే ఆంధ్రా యూనివర్సిటీ కన్నా 41 ఏళ్లు పెద్దది. పెట్టింది అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషన్. ఎన్టీ రామారావు గారు బీఏ చదివింది అక్కడే. "పుష్పవిలాపం" రాసిన కరుణశ్రీ, అదే జంధ్యాల పాపయ్యశాస్త్రి గారు, తెలుగు పాఠాలు చెప్పింది అక్కడే.

ఇప్పుడు ప్రశ్న ఏంటంటే, అమెరికాలో ఉన్న ఒక చర్చికి గుంటూరులో కాలేజీ పెట్టాల్సిన అవసరం ఏమొచ్చింది? అందులో చదివిన వాళ్ల జీవితం ఎలా ఉండేది? అసలు ఆ గేటు ఎవరికి తెరుచుకుంది, ఎవరికి తెరుచుకోలేదు? ఈ మూడూ చూద్దాం.

ముందు లూథరన్ అంటే ఎవరో చెప్పుకుందాం. 1517లో జర్మనీలో మార్టిన్ లూథర్ అనే ఆయన అప్పటి కేథలిక్ చర్చిని 95 ప్రశ్నలతో నిలదీశాడు. ఆయన్ని మనం మతగురువుగానే గుర్తుపెట్టుకుంటాం గానీ, ఆయన ఉద్యోగం యూనివర్సిటీ ప్రొఫెసర్. విట్టెన్‌బర్గ్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాడు. దేవుడి మాట ఎవరికి వాళ్లు సొంత భాషలో చదువుకోవాలన్నాడు. 1522లో బైబిల్ కొత్త నిబంధనని జర్మన్‌లోకి తెచ్చాడు. మరి జనం చదవాలంటే చదువు రావాలి కదా! అందుకే 1524లో జర్మనీ పట్టణాల పెద్దలకి ఒక లేఖ రాశాడు, స్కూళ్లు పెట్టండి అని. ఆడపిల్లలకి కూడా స్కూళ్లు కావాలన్నాడు. దీంతో లూథరన్లు ఎక్కడికెళ్లినా చర్చి పక్కన బడి పెట్టడం ఒక అలవాటైపోయింది.

ఇక్కడ మన తెలుగుకి సంబంధించిన విషయం ఒకటుంది. 1706లో లూథరన్ మిషనరీలు తమిళనాడు తీరంలోని తరంగంబాడికి వచ్చారు. వాళ్ల తర్వాత వచ్చిన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో తెలుగు నేర్చుకున్నాడు. జర్మనీ తిరిగెళ్లాక, హాలే అనే పట్టణంలో, 1740లలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగులో మొట్టమొదటి అచ్చు పుస్తకాలుగా వాటినే చెప్తారు. మన అక్షరం మొదట అచ్చయింది మద్రాసులో కాదు, బెజవాడలో కాదు, జర్మనీలో.

సరే, అమెరికాకి వద్దాం. జర్మనీ నుంచి, స్కాండినేవియా నుంచి వలస వెళ్లిన లూథరన్లు అక్కడ వరసపెట్టి కాలేజీలు పెట్టారు. పెన్సిల్వేనియాలో గెటిస్‌బర్గ్ కాలేజీ 1832లో, ఒహాయోలో విట్టెన్‌బర్గ్ 1845లో, మిన్నెసోటాలో సెయింట్ ఓలఫ్ 1874లో వచ్చాయి. వీటిని లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు అంటారు. ఆర్ట్స్ అన్నారు కదా అని బొమ్మలేసే కాలేజీ అనుకోకండి. ఒక్క ఉద్యోగానికి సరిపడా చదువు కాకుండా భాషలు, చరిత్ర, తత్వం, లెక్కలు, సైన్సు, సంగీతం అన్నీ కొంచెం కొంచెం చదివించి మనిషిని తయారు చేయడం వాళ్ల ఐడియా. క్లాసు ఎంత ముఖ్యమో, క్లాసు అయ్యాక హాస్టల్లో గడిపే టైమూ అంతే ముఖ్యం. కలిసి తినాలి, కలిసి పాడాలి, వాదించుకోవాలి, ఆడుకోవాలి. అమెరికా అంతర్యుద్ధంలో 1863లో గెటిస్‌బర్గ్ యుద్ధం జరిగింది గుర్తుందా? ఆ యుద్ధంలో గాయపడ్డ సైనికుల్ని చేర్చిన చోట్లలో ఆ కాలేజీ బిల్డింగ్ ఒకటి. ఆ కాలేజీలో చదివిన వాళ్లు తర్వాత గుంటూరు వచ్చి పాఠాలు చెప్పారు.

గుంటూరుకి మొదట వచ్చింది మాత్రం జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్. పుట్టింది జర్మనీలో, 1793లో. పద్నాలుగేళ్లప్పుడు అమెరికా వెళ్లాడు. 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టాడు. అప్పటికి ఆయన వయసు 49. ఆ కాలంలో 49 అంటే మనవళ్లని ఆడించుకునే వయసు. ఈయన తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టాడు.

ఆ రోజుల గుంటూరు ఎలా ఉండేదో ఊహించండి. పదేళ్ల కిందటే, 1832-33లో, నందన కరువు వచ్చి వెళ్లింది. ఆ ఒక్క కరువులో గుంటూరు ప్రాంతంలో లక్షల్లో జనం పోయారు. కృష్ణ మీద ఆనకట్ట ఇంకా లేదు. హేయర్‌కి ఆసరా ఇచ్చింది అప్పటి కలెక్టర్ హెన్రీ స్టోక్స్. హేయర్ ఉండడానికి చోటు చూశాడు, అప్పటికే నడుస్తున్న ఒక ఇంగ్లీషు బడిని చేతికిచ్చాడు. అక్కడ మొదలైంది కథ. తర్వాత హేయర్ మధ్యలో అమెరికా వెళ్లి డాక్టర్ చదువు కూడా పూర్తిచేసి మళ్లీ వచ్చాడు. పల్నాడులో గురజాల వైపు పనిచేశాడు. రాజమండ్రి మిషన్ మనుషుల్లేక, డబ్బుల్లేక వేరే మిషన్ చేతికి వెళ్లిపోతోందని తెలిసి, 1869లో, 76 ఏళ్ల వయసులో మూడోసారి ఓడెక్కాడు. ఇప్పుడు మనం వర్క్ ఫ్రమ్ ఆఫీస్ అంటేనే మూలుగుతాం, ఆయన నెలల తరబడి సముద్రంలో ప్రయాణం చేశాడు.

మన ఉత్తరాంధ్ర సంగతి కూడా చెప్పాలి. 1880లలో జర్మనీలోని బ్రెక్లం నుంచి ఇంకో లూథరన్ మిషన్ జయపురం కొండల వైపు వచ్చింది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడే వరకు జయపురం మన విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. సాలూరు, పార్వతీపురంలో ఇప్పటికీ లూథరన్ చర్చిలు కనిపించేది అందుకే.

ఇప్పుడు కష్టమైన భాగానికి వస్తున్నా. 1876-78లో మళ్లీ పెద్ద కరువు. మన పెద్దాళ్లు ధాత కరువు అనేవారు. ఆ కరువు సమయంలోనూ, ఆ తర్వాతా, మాల మాదిగ పేటల్లో ఊళ్లకి ఊళ్లే క్రైస్తవంలోకి వెళ్లాయి. "గింజల కోసం మతం మారారు" అని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. నేను మాత్రం ఇలా చూస్తా. ఊరి బావి దగ్గరికి రానివ్వరు, ఊరి బడి గుమ్మం ఎక్కనివ్వరు. అప్పుడు ఒకాయన వచ్చి, మీ పేటలోనే బడి పెడతా, మీ పిల్లాడి చేతికి పలక ఇస్తా అన్నాడు. ఆ పలక విలువ మనం కడుపు నిండి ఉన్నప్పుడు లెక్కేయలేం. అలాగని మిషన్ వాళ్లు మతం ధ్యాస లేకుండా సేవే చేశారని కూడా అనలేం. వాళ్లు వచ్చిందే మతం చెప్పడానికి. ఆ మాట వాళ్లెప్పుడూ దాచలేదు. రెండూ నిజమే, రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

1885లో కాలేజీ వచ్చింది. కొంతకాలం వాట్స్ మెమోరియల్ కాలేజీ అనే పేరు ఉండేది. మొదట్లో ఎఫ్ఏ వరకే, అంటే దాదాపు మన ఇంటర్ అనుకోండి. పరీక్షలు మద్రాసు యూనివర్సిటీవి. ఇక్కడే అసలు ట్విస్ట్. కాలేజీ క్రైస్తవులది, కానీ బెంచీల మీద కూర్చున్న వాళ్లలో ఎక్కువమంది హిందువులు, అందులోనూ పై కులాల వాళ్లు. ఎందుకంటే ఇంగ్లీషు వస్తే గవర్నమెంటు ఉద్యోగం, వకీలు పని. కాలేజీ మెట్టు దాకా రావాలంటే వెనకాల హైస్కూలు చదువు ఉండాలి, ఇంట్లో తిండికి లోటు ఉండకూడదు. పేటలో పలక పట్టిన పిల్లాడికి ఆ మెట్టు చాలా దూరం. మతం ఎవరిదైనా బెంచీ మాత్రం ముందే చదువుకున్న వాళ్లదైంది. పేటకీ కాలేజీకీ మధ్య ఉన్న ఈ గ్యాప్ తగ్గడానికి తరాలు పట్టింది. టీచర్ ట్రైనింగ్ స్కూళ్లు, బోర్డింగ్ స్కూళ్లు మెట్లలాగా పనికొచ్చాయి. మొదటి తరంలో పలక పట్టిన వాడి కొడుకు పల్లె బడిలో పంతులు అయ్యాడు, పంతులు గారి కొడుకు కాలేజీకి వచ్చాడు. మెట్లు ఎక్కింది అలా, ఒక్కో తరానికి ఒక్కో మెట్టు.

ఆడవాళ్ల సంగతి చూడండి. 1883లో అన్నా కుగ్లర్ అనే లేడీ డాక్టర్ గుంటూరు వచ్చింది. ఆ రోజుల్లో మగ డాక్టర్‌కి ఆడవాళ్లని చూపించడానికి చాలా ఇళ్లల్లో ఒప్పుకునేవాళ్లు కాదు. ప్రాణం పోయినా సరే అనుకునేవాళ్లు. ఆవిడ చిన్న డిస్పెన్సరీతో మొదలుపెట్టింది, 1898 నాటికి ఆడవాళ్లకీ పిల్లలకీ పెద్ద ఆసుపత్రి తెరిచింది. 1930లో గుంటూరులోనే చనిపోయింది. ఆ ఆసుపత్రిని ఇప్పటికీ కుగ్లర్ ఆసుపత్రి అనే పిలుస్తారు. కాలేజీ, ఆసుపత్రి, ఆడపిల్లల బడి, చర్చి, ట్రైనింగ్ స్కూలు అన్నీ కలిస్తేనే ఆ కమ్యూనిటీ. ఒక్క కాలేజీనే విడిగా చూస్తే సగం కథే కనిపిస్తుంది. 1927లో ఈ చర్చిలన్నీ కలిసి ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చి, అంటే ఏఈఎల్‌సీ, ఏర్పడింది. మిషన్ ఇంటి పెత్తనం మెల్లగా తెలుగు వాళ్ల చేతుల్లోకి రావడం మొదలైంది.

ఇప్పుడు మన వైజాగ్ ఎంట్రీ. 1926లో ఆంధ్రా యూనివర్సిటీ పుట్టింది, మొదట బెజవాడలో. 1930లో వాల్తేరుకి మారింది. మన బీచ్ రోడ్డు పైన కొండ మీద ఉన్నదే. ఏసీ కాలేజీ కూడా డిగ్రీ స్థాయికి ఎదిగి ఆంధ్రా యూనివర్సిటీ కిందకి వచ్చింది. అంటే దశాబ్దాల పాటు గుంటూరు కుర్రాడు ఏసీ కాలేజీలో చదివితే, బీఏ పట్టా ఇచ్చింది మన వాల్తేరు. 1976లో నాగార్జునా యూనివర్సిటీ వచ్చేదాకా ఇదే లెక్క. ఎన్టీఆర్ గారి డిగ్రీ మీద కూడా ఉన్నది మన ఊరి యూనివర్సిటీ పేరే. ఇది గుంటూరు ఫ్రెండ్స్‌కి చెప్పండి, కాస్త ఉడుక్కుంటారు.

ఆ రోజుల్లో కాలేజీ అంటే రాజకీయం కూడా. 1921లో అదే గుంటూరు జిల్లాలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో చీరాల-పేరాల ఉద్యమం నడిచింది, జనం ఊరే ఖాళీ చేసి వెళ్లిపోయారు. పెదనందిపాడులో పన్నులు కట్టం అన్నారు. గాంధీగారు కాలేజీలు వదిలి రమ్మని పిలుపిచ్చారు. ఈ పరిస్థితిలో మిషన్ కాలేజీ ప్రిన్సిపాల్ని ఊహించుకోండి. ఆయన అమెరికన్. రాజకీయాల్లో తల దూర్చకూడదన్న షరతు మీదే విదేశీ మిషన్లని బ్రిటిష్ వాళ్లు ఉండనిచ్చారు. ఎదురుగా ఉన్న కుర్రాళ్లేమో ఖద్దరు కట్టుకుని వస్తున్నారు. ఒకవైపు స్వేచ్ఛగా ఆలోచించమని క్లాసులో చెప్పాలి, ఇంకోవైపు గేటు బయటికి వెళ్లి నినాదాలు చేయొద్దనాలి. మన ఆంధ్రా యూనివర్సిటీ మొదటి వైస్ చాన్స్‌లర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు 1930లో ప్రభుత్వం అణచివేతకి నిరసనగా రాజీనామా చేశారు. ఆయనకి ఆ దారి ఉంది. విదేశీ మిషన్‌కి ఆ దారి లేదు. లిబరల్ ఆర్ట్స్ చదువు నేర్పిన ప్రశ్న, అది నేర్పిన కాలేజీకే ఇబ్బంది అయింది.

ఇప్పుడు 1940లకి రండి, సరదా భాగం. క్లాసు అయిపోయాక ఏం చేసేవాళ్లు? నాటకాలు వేసేవాళ్లు. అప్పట్లో కాలేజీలో నాటకం అంటే ఇప్పటి షార్ట్ ఫిల్మ్ క్రేజ్ లాంటిదే. రామారావు గారు, కొంగర జగ్గయ్య గారు ఇద్దరూ ఏసీ కాలేజీ వాళ్లే. చదువుకునే రోజుల్లోనే జగ్గయ్య, ముక్కామల లాంటి వాళ్లతో కలిసి రామారావు గారు నేషనల్ ఆర్ట్ థియేటర్ అనే నాటక బృందం పెట్టారు. 1947లో చదువు అయ్యాక సబ్ రిజిస్ట్రార్ ఉద్యోగం వచ్చింది, కొన్ని వారాలే చేసి వదిలేసి మద్రాసు వెళ్లిపోయారు. ఆ నాటక బృందం పేరే తర్వాత సినిమా బ్యానర్ అయింది. 1953లో వచ్చిన "పిచ్చిపుల్లయ్య" ఆ బ్యానర్ సినిమానే. జగ్గయ్య గారు రేడియోలో వార్తలు చదివారు, ఠాగూర్ "గీతాంజలి"ని తెలుగు చేశారు, 1967లో ఒంగోలు నుంచి ఎంపీగా గెలిచారు. నటుడు, అనువాదకుడు, ఎంపీ, ముగ్గురూ ఒక్క మనిషే. ఇదీ లిబరల్ ఆర్ట్స్ అంటే. బ్రోచర్లో రాస్తే అర్థం కాదు, జగ్గయ్య గారి బయోడేటా చూస్తే అర్థమవుతుంది.

ఇక కరుణశ్రీ గారు. సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబం, పద్యం ఆయన ఊపిరి. బుద్ధుడి మీదా, పువ్వుల మీదా కరుణ రాసిన మనిషి. ఆయన ఏళ్ల తరబడి తెలుగు చెప్పింది క్రైస్తవ కాలేజీలో. ఇవాళ వాట్సాప్ గ్రూపుల్లో మతం పేరుతో కొట్టుకునే వాళ్లకి ఈ ఒక్క విషయం ఫార్వార్డ్ చేయండి.

కానీ కథ మొత్తం ఇంత తియ్యగా ఉండదు. గుర్రం జాషువా గారిని తలుచుకోకుండా ఈ ఎపిసోడ్ ముగించకూడదు. 1895లో వినుకొండలో పుట్టారు. గుంటూరులో లూథరన్ చర్చి నడిపిన టీచర్ ట్రైనింగ్ స్కూల్లో పదేళ్ల పాటు పనిచేశారు. పద్యం రాస్తే, నీకు పద్యం ఎందుకని పై కులాల వాళ్లు వెక్కిరించారు. హిందూ పురాణాలు నీకెందుకని సొంత మతం వాళ్లలో కొందరు నొసలు చిట్లించారు. రెండు వైపులా తలుపులు వేసి ఉంటే గుడి చూరుకు వేలాడే పక్షికి తన గోడు చెప్పుకున్నారు. 1941లో వచ్చిన "గబ్బిలం" అదే. కాళిదాసు మేఘంతో కబురు పంపిస్తే, ఈయన గబ్బిలంతో పంపించారు. మతం మారితే కులం ఊడిపోదని, చదువు వచ్చినా అవమానం ఆగదని చెప్పిన తెలుగు కావ్యం అది. కాలేజీ కరుణశ్రీ గారికి కుర్చీ వేసింది, సమాజం జాషువా గారికి కుర్చీ వేయడానికి చాలా టైమ్ తీసుకుంది. ఒకే ఊరు, ఒకే కాలం, ఇద్దరూ మహాకవులే.

హాస్టళ్ల దగ్గర కూడా ఇదే మెలిక. ఆ కాలంలో ఆంధ్ర పట్టణాల్లో కులాల పేర్ల మీద హాస్టళ్లు వెలిశాయి. పేద పిల్లాడికి తిండి, చోటు దొరికాయి, మంచిదే. కానీ క్లాసులో పక్కపక్కన కూర్చున్న వాళ్లు రాత్రికి వేరు వేరు మెస్సుల్లో తిన్నారు. లిబరల్ ఆర్ట్స్ కాలేజీకి ప్రాణం కలిసి ఉండడం అన్నాం కదా, మన దగ్గర ఆ ప్రాణం సగమే నిలబడింది. పగలు కాలేజీ కలిపింది, రాత్రి కులం విడదీసింది.

సరే, ఇదంతా మనకెందుకు? నేను బీటెక్ చేశా, సాఫ్ట్‌వేర్‌లో పనిచేశా, ఇప్పుడు మీ ముందు ఈ కెమెరా పెట్టుకుని మాట్లాడుతున్నా. నాలుగేళ్ల బీటెక్‌లో నాకు చరిత్ర క్లాసు ఒక్కటి లేదు. నాటకం లేదు, కవి లేడు. అటెండెన్స్, ల్యాబ్ రికార్డ్, ప్లేస్‌మెంట్, అంతే. ఇక్కడ ఆటోనగర్‌లో చూడండి. పదిహేడేళ్ల కుర్రాడు లేత్ మిషన్ దగ్గర మేస్త్రి పక్కన నాలుగేళ్లు నిలబడితే పని వచ్చేస్తుంది, ఏ సెమిస్టరూ అక్కర్లేదు. చేతి పని నేర్పడంలో ఏ కాలేజీ కూడా ఈ షెడ్డుని కొట్టలేదు. మరి కాలేజీ దేనికి? పని నేర్పడానికే అయితే షెడ్డే బెటర్. షెడ్డులో దొరకనిది ఏదైనా ఇస్తేనే కాలేజీకి అర్థం. మనకి తెలియని కులం వాడితో, మతం వాడితో మూడేళ్లు కలిసి బతకడం, ఒక నాటకం కోసం రాత్రంతా కొట్టుకుని పొద్దున్నే కలిసి టీ తాగడం, మనం చదివే సబ్జెక్టుకి సంబంధం లేని ఒక పుస్తకం మీద పిచ్చి పట్టడం. అవి షెడ్డులో దొరకవు, కోడింగ్ కోర్సులో దొరకవు.

ఇంకో విషయం. ఇలాంటి పాత కాలేజీలు చాలావరకు ఎయిడెడ్, అంటే జీతాల్లో ప్రభుత్వం సాయం ఉంటుంది. 2021లో మన రాష్ట్రంలో ఎయిడెడ్ కాలేజీలు సాయం వదులుకోవాలన్న మాట వచ్చినప్పుడు స్టూడెంట్లు రోడ్డెక్కారు. వాళ్ల భయం ఒక్కటే, ఫీజు. ఎయిడెడ్ డిగ్రీ కాలేజీ అంటే ఆటో డ్రైవర్ కూతురు, కూలీ కొడుకు బీఏ, బీకామ్ చదవగలిగే చోటు. 1885లో గేటు దగ్గర నిలబడ్డ ప్రశ్నే 2021లోనూ నిలబడింది, లోపలికి ఎవరు రావచ్చు అని.

అందుకే నాది ఒక చిన్న రిక్వెస్ట్. మీ తాతయ్యో, అమ్మమ్మో, మీ వీధి చివర రిటైర్డ్ మాస్టారో డిగ్రీ ఎక్కడ చదివారో అడగండి. సబ్జెక్టు కాదు, సాయంత్రాలు ఏం చేసేవారో అడగండి. హాస్టల్ మెస్సులో పక్కన ఎవరు కూర్చునేవారో, ఎవరిని కూర్చోనిచ్చేవారు కాదో అడగండి. వాళ్లు చెప్పేది ఫోన్లో రికార్డు చేసుకోండి. ఏ పుస్తకంలోనూ ఉండని చరిత్ర అది, వాళ్లతోపాటే పోతుంది.

వచ్చే ఎపిసోడ్‌లో మన ఏవీఎన్ కాలేజీ కథ చెప్పుకుందాం. అప్పటిదాకా జాగ్రత్త, ఉంటాను మరి.